మా మేనత్త చూడని సెకండాఫ్

మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను హైదరాబాదులో ఒక సినిమా ఆఫీసులో కూర్చుని, హీరో ఒక అమ్మాయిని కొట్టే చెంపదెబ్బకు డైలాగు రాస్తున్నాను. నా పని అదే, సినిమాలకు మాటలు రాయడం. కొట్టిన తర్వాత హీరో ఏమంటే జనం వాడిని క్షమిస్తారు అన్నది ఆ పూట మా ముందున్న సమస్య. పొద్దున్నుంచి నలుగురం దాని మీదే కుస్తీ పడుతున్నాం. అప్పుడు బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా మేనత్త కొడుకు. "అమ్మ పోయిందే" అన్నాడు. "పొద్దుగాల చాయ్ తాగింది. జర ఒరుగుతా అన్నది. లేపుతె లేవలే."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడే తెలియలేదు గానీ, వరంగల్ బస్సు జనగామ దాటేలోపు తెలిసిపోయింది. ఆ జాబితాలో మొదటి పేరు నాదే.

పోయినవాళ్ళ గురించి చల్లగా, నెమ్మదిగా రాయాలంటారు. ఇన్ని రోజులైనా నాకు ఆ చల్లదనం రాలేదు. వచ్చేదాకా ఆగితే ఈలోపు మా చుట్టాలంతా కలిసి ఆమెను వేరే మనిషిని చేసేస్తారు. అందుకని ఉన్న కోపంతోనే రాస్తున్నాను, మీరే సర్దుకోవాలి.

మా అత్త వరంగల్‌లో స్టేషన్ దగ్గరి ఒక సినిమా హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపేది. ఆడవాళ్ళకు వేరే క్యూ, వేరే దారి, వేరే సీట్లు ఉన్న రోజుల్లో చేరింది. ఆ వేరు వేరులన్నీ పోయిన తర్వాత కూడా ఆమెను మాత్రం ఉంచుకున్నారు. నడుముకు టార్చి దోపుకునేది. మెళ్ళో నల్లపూసలకు పది పిన్నీసులు గుచ్చుకునేది. అవి ఆమెకు కావు. కొత్త సినిమాకు క్యూలో తోసుకుని కుచ్చిళ్ళు ఊడినవాళ్ళకు, జాకెట్టు హుక్కు తెగినవాళ్ళకు. "తిరిగియ్యకున్నా మంచిదే, గని మానంగ కూసోని చూడు బిడ్డా" అనేది. ఎన్ని పిన్నీసులు తిరిగొచ్చేవో నాకు తెలియదు. మళ్ళీ ఆటకు మాత్రం పది ఉండేవి.

ఆమె సినిమా చూసేది కాదు. తెరకు వీపు పెట్టి, తలుపు దగ్గర పరదా పట్టుకుని, చూసేవాళ్ళను చూసేది. ఇంకా ఖచ్చితంగా చెప్పాలంటే వినేది. ఆడవాళ్ళు హాల్లో కూర్చోగానే చేసే మొదటి పని చెప్పులు విడవడం. సినిమా నచ్చితే కాళ్ళు పైకి పెట్టుకుంటారు, పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుంటారు, ఇంక చెప్పుల సంగతి యాదికి రాదు. నచ్చకపోతే నోటితో ఏమీ అనరు. పక్కనున్న మొగుడు ఈల వేస్తున్నా ఏమీ అనరు. కాళ్ళు మాత్రం చీకట్లో చెప్పుల కోసం వెతుకుతాయి. ఒకరి కాలు మొదలుపెడితే ఆ వరుసంతా మొదలవుతుంది. నేలకు అట్టలు రాసుకున్నట్టు ఒక చప్పుడు. దానికోసమే అత్త చెవి పెట్టుకుని ఉండేది.

బడి సెలవుల్లో నేను పరకాల నుంచి ఆమె దగ్గరికి వచ్చేదాన్ని. మ్యాట్నీకి నన్ను పక్కన నిలబెట్టుకునేది. ఒకసారి అట్లాంటి చప్పుడు రాగానే నా భుజం గిల్లింది.

"ఇన్నవా కోడలా? ఇగ గీ సీన్మ అయిపోయింది. రేపటి సంది మేనేజరు ఈగలు తోలుకునుడే."

తెర మీద అప్పుడు హీరో ఒక అమ్మాయి వెంటపడుతూ పాట పాడుతున్నాడు. బయట రంగుల కాగితాలు చల్లుకుంటున్నారు, హీరో కటౌటుకు పాలు పోస్తున్నారు. నేను నమ్మలేదు. వారం తిరక్కుండానే పోస్టరు మార్చారు. ఇట్లా ఆమె చెప్పినవి ఎన్నో నిజమయ్యాయి. మేనేజరు కూడా మొదటి ఆట ఇంటర్వల్‌కు మెల్లగా వచ్చి "ఏమంటానయమ్మా మీ చెప్పులు?" అని అడిగిపోయేవాడు.

చెడ్డవాడు హీరో అయితే ఆడవాళ్ళకు నచ్చడని నేను ఒక సూత్రం తయారుచేసుకున్నాను. అత్త ఒప్పుకోలేదు. ఒక సినిమాలో హీరో దొంగ. ఇద్దరిని పొడుస్తాడు కూడా. ఆ సినిమాకు కేసముద్రం నుంచి, నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చి మరీ చూశారు. ఒక్కరి కాలు కింద ఆనలేదు. ఇంకో సినిమాలో హీరో ఊరంతటికీ దేవుడు. తల్లి మాట దాటడు, తమ్ముళ్ళకు ఆస్తి రాసిచ్చేస్తాడు. కానీ ముప్పూటలా అన్నం పెట్టే వదినె ముఖం సినిమా మొత్తమ్మీద ఒక్కసారి కూడా చూడడు. నీళ్ళు కావాలంటే వేలితో గ్లాసు వైపు చూపిస్తాడు. అరగంటకే చెప్పులు మోగాయి.

"దొంగ మంచోడు, దేవుడు చెడ్డోడా అత్తా?" అని అడిగాను.

"దొంగకు ఎర్కనే, తను దొంగనని. గా దేవునికి ఎర్క లేదు. అన్నిటికన్న కష్టమేందంటె, గా సీన్మ తీసినోనికి గూడ ఎర్క లేదు."

ఇంకో మాట అనేది. "హీరో ఎవల్నన్న సంపనియ్యి కోడలా. సంపినంక వానికి అన్నం బుక్క గొంతు దిగొద్దు. దిగిందా, ఇగ మనకు దిగది."

నేను తర్వాత సినిమా పాఠాలు చెప్పే చోట చేరి రెండేళ్ళు కూర్చున్నాను. అక్కడ చెప్పినదంతా కలిపినా ఈ రెండు మాటల ఎత్తు లేదు. ఇప్పుడు మా ఆఫీసుల్లో ప్రతివాడికీ నోట్లో ఒక మాట ఉంటుంది, గ్రే షేడ్ అని. హీరో తాగుతాడు, తిడతాడు, కొడతాడు, అమ్మాయి వద్దన్నా వినడు. ఇదేమిటంటే గ్రే షేడ్ అంటారు. నచ్చని మనిషిని హీరోగా పెట్టడం తప్పు కాదు. అట్లాంటివాడి కథ చెప్పాలంటే గుండె కావాలి, చెప్పగలిగితే అంతకంటే మంచి సినిమా ఉండదు. మేం చేసేది అది కాదు. వాడు ఎంత నచ్చని పని చేసినా మీకు నచ్చి తీరాలని మీ మెడ మీద కూర్చుంటాం. వాడు కొట్టగానే కింద నుంచి వయొలిన్లు ఎత్తుతాం. వాడు ఏడిస్తే దగ్గరగా చూపిస్తాం, దెబ్బ తిన్నదాన్ని మసకగా వెనక నిలబెడతాం. నేను రాసిన పోయిన సినిమా ఆడకపోవడానికి హీరో చెడ్డవాడు కావడం కాదు కారణం, మేము వాడి పార్టీ కావడం. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసే రాశాను.

ఏం రాశానో చెప్పాలంటే మా మామ గురించి చెప్పాలి.

మామ అంటే అత్త భర్త. పోయి చాలా ఏళ్ళయింది. ధాన్యం మార్కెట్లో పనిచేసేవాడు. చూడ్డానికి దిట్టంగా, మీసం మెలేసి, ఎక్కడ కూర్చుంటే అక్కడ పదిమందిని నవ్వించేవాడు. మామ రాకపోతే పెళ్ళిలో సందడి లేదనేవాళ్ళు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే కంచం గోడకు తగిలేది. ఆ వెంటనే బజారుకు పోయి వాడకట్టు అందరికీ వేడి వేడి మిర్చి బజ్జీలు పట్టుకొచ్చేవాడు. మా ఇంట్లో ఈ కథ చెప్పేటప్పుడు కంచం దగ్గర ఎవరూ ఆగరు, మిర్చీల దగ్గర ఆగి నవ్వుతారు. "కోపం ముక్కు మీద, మనసు బంగారం" అని ముగిస్తారు. ఆ గోడ తుడిచింది ఎవరని నేనూ అడగలేదు.

అన్నిటికంటే పెద్ద కథ బ్యాండు కథ. ఒకసారి అత్త ఆయనతో వేగలేక, నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని తల్లిగారింటికి వచ్చేసింది. వారం తిరిగేసరికి మామ బ్యాండు మేళం మాట్లాడుకుని ఊళ్ళోకి దిగాడు. తలకు రుమాలు, చేతిలో కొత్త చీర. మా వాకిట్లో నిలబడి, "నా పెండ్లాం లేంది నేను బతక" అని ఊరంతా వినేటట్టు అరిచాడు. బ్యాండువాళ్ళు పెళ్ళి పాటలు వాయించారు. పిల్లాజెల్లా గుమిగూడారు. అత్త నవ్వాపుకోలేక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మా తాత ఆ ప్రేమకు మురిసిపోయి, "గింత పావురం ఉన్నోడు యాడ దొర్కుతడే" అని అప్పటికప్పుడే పంపేశాడు. అదే మేళంతో ఊరి బయటిదాకా ఊరేగింపుగా సాగనంపారు. ప్రతి పండుగకూ ఈ కథ చెప్పుకోవాల్సిందే. మా బాపు అయితే నోటితో బ్యాండు వాయిస్తూ చెప్పేవాడు. నేను కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

ఆ కథను ఒక దర్శకుడికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి "ఇదే మన ఇంటర్వల్" అన్నాడు. సినిమా తీశారు. హీరో అచ్చం మా మామ. కంచం విసురుతాడు, మిర్చీలు తెస్తాడు. హీరోయిన్ పుట్టింటికి పోతే బ్యాండుతో వచ్చి తీసుకుపోతాడు. ఆమె చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఆ నవ్వు దగ్గర తెర ఆగిపోవాలని రాసింది నేనే. నా చేత్తో, నా పేరుతో.

సినిమా విడుదలైన రోజు వరంగల్ వచ్చాను. అత్త అప్పటికి పని మానేసి కొన్నేళ్ళయింది. ఆమె పనిచేసిన హాల్లోనే ఆడుతోంది. మ్యాట్నీకి తీసుకుపోయాను. గేటు దగ్గరున్నాయన లేచి నమస్తే పెట్టాడు. అత్త ఆ రోజు మొదటిసారి తెర వైపు ముఖం పెట్టి కూర్చుంది. కూర్చోగానే చెప్పులు విడిచింది. నా పేరు తెర మీద పడినప్పుడు నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

కంచం సీను వచ్చింది. నా చెయ్యి వదిలేసింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. బ్యాండు సీను మొదలైంది. హాలు దద్దరిల్లిపోతోంది. ముందు వరుసల్లో కుర్రకారు లేచి ఎగురుతున్నారు. తెర మీద ఆ అమ్మాయి చున్నీ ఎత్తుతోంది. ఆ మోతలో, నా పక్కన, కాలితో చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు నాకు వినిపించింది. అత్త లేచింది. మోకాళ్ళు తప్పించుకుంటూ వరుస దాటి, పరదా తీసుకుని బయటికి పోయింది. ఇంటర్వల్ అని అక్షరాలు పడేసరికి ఆ సీటు ఖాళీ.

బాత్రూముకు పోయిందనుకున్నాను. చాయ్ తాగుతోందనుకున్నాను. సెకండాఫ్ అంతా ఆ ఖాళీ సీటు పక్కనే కూర్చుని చూశాను. నా వెనక వరుసల్లో ఇంకా చెప్పులు కదులుతున్నాయి.

మర్నాడు పొద్దున అత్త వాకిట్లో పుంటికూర తెంపుతోంది. ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఏదో ఒకటి అంటుందని చూశాను. ఆకు మీద ఆకు తెంపుతోంది.

"నచ్చలేదా అత్తా?" అని అడిగాను.

"గా పిల్లతోని ఎందుకు నవ్విచ్చినవే?"

"అది నీ కథే గదా. నువ్వు నవ్వినవు గదా."

అత్త చేతిలో కాడ కింద పెట్టింది. "నేను నవ్వలే. ఏడ్సిన. కొంగు అడ్డం పెట్టుకున్న. అందరు నవ్విన అనుకున్నరు." నా ముఖంలోకి చూసింది. "నీతోనన్న ఎన్నడన్న చెప్పిన్నా, నవ్విన అని?"

చెప్పలేదు. గుర్తు చేసుకుంటే ఆ కథ మా తాత చెప్పాడు, మా బాపు చెప్పాడు, పెళ్ళిళ్ళలో మామే స్వయంగా చెప్పాడు. అత్త నోట ఒక్కసారీ వినలేదు. చెప్పేవాళ్ళు చెబుతుంటే ఆమె వంటింట్లోకి పోయేది. సిగ్గుపడిందనుకునేవాళ్ళం.

"వాపస్ పోనన్న మా బాపుతోని. గుడ్లకు నీళ్ళు తెచ్చుకున్న. గీ బ్యాండు రాంగనే ఎవ్వలకు నా మాట ఇనపడలేదు. బ్యాండోళ్ళు గూడ మీ మామ దిక్కే వాయించిన్లు. మీ సీన్మల మ్యూజిక్ గూడ వాని దిక్కే ఉన్నది." మళ్ళీ కాడ అందుకుంది. "అటెన్క పదిహేడేండ్లు నేను ఓర్సిన కోడలా. ఇంట్లకెల్లి లేచి బయటికి పోయే గేటు నాకు లేకుండె. టికెట్ కొనుక్కొని అచ్చినోళ్ళు ఎందుకోర్సాలె?"

ఇక్కడ నేను ఆమె కాళ్ళ మీద పడి ఉంటానని మీరనుకుంటే పొరపాటు. నాకు పౌరుషం వచ్చింది. "అది సినిమా అత్తా. ఇన్నేండ్లు అందరు నవ్వుకున్నరు గదా" అన్నాను. "నవ్విన్లు" అంది అత్త. "నువ్వు గూడ." ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. సినిమా వారానికే పోయింది. పరీక్షల సీజన్ అని చెప్పుకున్నాం, ఎండలని చెప్పుకున్నాం, పబ్లిసిటీ తక్కువైందని చెప్పుకున్నాం. హీరో నచ్చలేదని ఒక్కరూ నోరు తెరవలేదు. నేను తెరిచానా? నాకు కారణం పూర్తిగా తెలుసు, పుంటికూర కట్టతో సహా తెలుసు. తలూపి ఇంటికొచ్చాను.

నెల తర్వాత అత్త ఫోన్ చేసింది. "కోడలా, కోపమచ్చిందా?" అంది. "పనిల ఉన్న అత్తా, మళ్ళ చేస్త" అన్నాను. చేయలేదు. నాలుగు నెలలు. ఆ ఒక్క ఫోను చేయడానికి నాకు ఏం అడ్డమొచ్చిందో ఎంత ఆలోచించినా దొరకదు. అడ్డమొచ్చిందల్లా నేను రాసిన హీరో లాంటి బుద్ధే. తప్పు చేసిన తర్వాత కూడా నాకు అన్నం బాగానే దిగింది.

సినిమా పోయింది గానీ ఆ బ్యాండు ముక్క పోలేదు. ఫోన్లలో తిరుగుతోంది. పెళ్ళిరోజులకు మొగుళ్ళు పెళ్ళాలకు పంపుకుంటున్నారు, ఎర్రటి గుండె బొమ్మలు పెట్టి. రెండున్నర గంటల సినిమాను జనం తిప్పికొట్టారు, నిమిషం అబద్ధాన్ని ఇంటికి తీసుకుపోయారు. దానికీ నాకు కోపమే.

అత్త పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. అత్తకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తున్నాం. కాకి ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ళ నమ్మకం. ఎంతకీ ముట్టలేదు. గోడ మీద కూర్చుని చూస్తోంది. చుట్టాల్లో ఒక పెద్దాయన దండం పెట్టి, "అమ్మా, ఇగ నీ మొగని దగ్గరికే పోతానవు, ఫికర్ జెయ్యకు" అన్నాడు. పక్కనున్న ఒకామె ముక్కు చీదుతూ, "ఆయనంటె పానం గదా ఆమెకు" అంది. ఇంకొకరు ఫోను తీసి ఆ ముక్క పెట్టారు. బ్యాండు మోగింది. "అచ్చం గిట్లనే అచ్చిండట మామ" అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"బంద్ చెయ్యున్రి" అన్నాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకే తెలియదు. అందరూ ఇటు తిరిగారు. "అత్త ఎవ్వల దగ్గరికి పోదు. ఊకోన్రి." దుఃఖంలో ఏదో అంటోందనుకుని ఎవరో నాకు నీళ్ళ సీసా ఇచ్చారు. కాకి కాసేపటికి వచ్చింది. ఎందుకు వచ్చిందో నేనేమీ కల్పించను. ఆకలై వచ్చి ఉంటుంది.

ఆ సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేసి చెంపదెబ్బ డైలాగు నేను రాయనని చెప్పాను. "పర్లేదు మేడం, వేరే రైటర్‌తో రాయిస్తాం" అన్నారు. రాయిస్తారు కూడా. నేను మానేస్తే హీరోలు కొట్టడం మానేస్తారని నాకు భ్రమ లేదు.

దినాలకు రెండు రోజుల ముందు బావ నన్ను హన్మకొండ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణానికి రమ్మన్నాడు. బావ బట్టల దుకాణంలో పనిచేస్తాడు, మెత్తటి మనిషి, గొంతెత్తి మాట్లాడగా నేను చూడలేదు. "నువ్వు రైటర్‌వు గద, మాటలు సరిజూడు" అన్నాడు. కంప్యూటర్ మీద ఫ్లెక్సీ తయారుగా ఉంది. మధ్యలో మామ, మీసంతో, ఇంత పెద్దగా. ఆయన పక్కన అత్త, చిన్నగా నవ్వుతూ. ఏదో పెళ్ళిలో తీసిన ఫొటో. కింద మూలన, నిజంగానే చెబుతున్నాను, మా సినిమా హీరో, వెనక బ్యాండు మేళం. "సినిమా కథ కాదు, మా అమ్మానాన్నల నిజమైన ప్రేమకథ" అని పసుపు అక్షరాలు. పైన "కన్నీటి శ్రద్ధాంజలి".

ఆమె లేచి బయటికి వచ్చేసిన సినిమా అది. దాన్ని ఆమె చావు మీద అచ్చేస్తున్నారు. నడి చౌరస్తాలో, వచ్చేపోయే ప్రతివాడూ చదివేటట్టు. ఇది ఒక్కసారి ఎక్కిందంటే ఇంక ఆమె ఎప్పటికీ ఆ కొంగు చాటున నవ్విన పెళ్ళామే.

"ఇది తీసెయ్ బావా" అన్నాను.

"ఏది?"

"సినిమా తీసెయ్. మామను గూడ తీసెయ్."

దుకాణమాయన మౌసు వదిలేసి మావైపు చూశాడు. బావ ముఖం ఎర్రబడింది. "నాయిన లేకుంట అమ్మ ఫొటో పెడ్తరానే ఎవలన్న? పదిమంది ఏమంటరు? సీన్మ రాసింది నువ్వే గదా. అమ్మ మీద సీన్మ అచ్చిందంటె నీకు నామోషా?"

అప్పుడు చెప్పాను. పుంటికూర దగ్గర అత్త అన్నదంతా, ఒక్క మాట కూడా వదలకుండా. పక్కన మిషను ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీనో కక్కుతోంది. నేను ఏడుస్తున్నాను, అరుస్తున్నాను, ఏది ఎక్కువో తెలియదు. ఆమె నవ్వలేదు బావా అన్నాను. మనమందరం కలిసి నవ్వించాం అన్నాను.

బావ రోడ్డు వైపు తిరిగాడు.

"నాకెర్కే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నేను గప్పుడు అమ్మ సంకల ఉన్న. బ్యాండు మోగుతాంటె అమ్మ పానమంత వణికింది. కొంగు తడిసి నా మెడకు అంటుకున్నది. నాకు గంతే యాది." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "పెద్దగైనంక అందరు నవ్వుతాంటె, నేను తప్పు జూసిన్నేమో అనుకున్న. చెప్తె నాయినను తిట్టినట్టయితది. ఇగ నేను గూడ నవ్వుడు వెట్టిన."

నలభై ఏళ్ళు. ఆ ఇంట్లో ఒకరికి తెలుసు. ఆ ఒకరు కూడా నవ్వాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ కోపమంతా ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

కాసేపటికి బావ దుకాణమాయనతో, "అన్నా, అమ్మదొక్కతే పెట్టు" అన్నాడు.

తీరా చూస్తే అత్త ఒక్కతే ఉన్న ఫొటో లేదు. ఫోన్లన్నీ వెతికాం, చుట్టాలకు ఫోన్లు చేశాం. అన్నిట్లోనూ మామ పక్కనో, మనవల వెనకో, పెళ్ళి గుంపులోనో ఉంది. అన్నిట్లోనూ ఎవరో "నవ్వు, నవ్వు" అంటే నవ్వుతోంది. చివరికి బావ జేబులోంచి ఆమె ఆధార్ కార్డు తీశాడు. చావు కాగితాల కోసం అప్పుడు వెంటే పెట్టుకుని తిరుగుతున్నాడు. అందులో ఒక్కతే ఉంది. నవ్వొద్దని చెప్పి తీసిన ఫొటో. కనుబొమ్మలు దగ్గరికి వచ్చి, పెదాలు బిగించి, సూటిగా చూస్తోంది.

"మేడం, గింత కోపంగున్న ఫొటో ఎవ్వలు పెట్టరు" అన్నాడు దుకాణమాయన. "కొంచెం మూతి సాగదీస్తే నవ్వినట్టొస్తది. రెండు నిమిషాల పని."

"ముట్టకు" అన్నాడు బావ. బావ గొంతెత్తడం నేను వినడం అదే మొదలు.

పేరు పెట్టాం. కింద ఆమె పనిచేసిన గేటు సంగతి ఒక్క లైను రాశాను. నా జీవితంలో రాసిన లైన్లలో అబద్ధం లేనిది అదొక్కటే అనుకుంటాను.

దినాల పొద్దున బావే స్వయంగా నిచ్చెనేసుకుని మూల మీద స్తంభానికి ఫ్లెక్సీ కట్టాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. పాలు పోసి తిరిగి పోతున్న ఒక పెద్దమనిషి సైకిలు ఆపి తలెత్తి చూశాడు. ఆయనకు అత్త తెలుసు, వాడకట్టు మనిషే.

"ఏందిర, మీ అమ్మ గంత కోపంగున్నది? నవ్వేటి ఫొటో దొర్కలేదా?"

బావ చివరి ముడి వేస్తున్నాడు. కిందికి చూడలేదు.

"మా అమ్మకు కోపమే" అన్నాడు.

పెద్దమనిషి సైకిలు దిగి స్టాండు వేసి, మళ్ళీ తలెత్తి కాసేపు చూశాడు. బావ దిగి రాలేదు. భుజం మీది తువ్వాల తీసి, పొద్దున్నే లారీలు లేపిన దుమ్ము తల్లి ముఖం మీద పడితే తుడుస్తున్నాడు. ముందు నుదురు తుడిచాడు, తర్వాత ముడిపడిన కనుబొమ్మలు, ఆ తర్వాత బిగించిన పెదాలు.